కాసియోపిని బతికించుకోవడం: నాటడానికి ముందు నుంచి కొత్త మొక్కలు తీసేదాకా సమగ్ర మార్గదర్శి

కాసియోపి అనే చిట్టి పొదను పెంచేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది. "తెచ్చినప్పుడు పచ్చగా ఉంది. నీళ్ళు మానకుండా పోశాను. ఒక్క వేసవి దాటేసరికి ఎండిపోయింది. ఏం తప్పు చేశాను?"

చాలాసార్లు కారణం ఇదే: ఈ మొక్క వాడిపోయి మనకు చెప్పదు. దీని ఆకులు కొన్ని మిల్లీమీటర్ల పొలుసులు. కొమ్మకు నాలుగు వరసల్లో ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి. వేళ్ళు ఎండినా, కుళ్ళినా ఆ ఆకులు వేలాడవు, ముడుచుకోవు. రంగు తేడా మన కంటికి తెలిసేసరికి లోపల నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. అందుకే దీని పెంపకంలో సగానికి పైగా పని నాటడానికి ముందే ఉంటుంది. నీరు, మట్టి, చోటు ఈ మూడూ సరిగా కుదిరితే ఆ తర్వాత చేయాల్సింది చాలా తక్కువ.

హీత్ కుటుంబంలో రోడోడెండ్రాన్‌కు చుట్టమైన చిట్టి పొద ఇది. రకాన్ని బట్టి ఎత్తు 5 నుంచి 30 సెం.మీ. ఉంటుంది. వసంతంలో ఆకుల పంగల నుంచి సన్నని కాడలు వచ్చి, వాటికి తెల్లని గంటల ఆకారంలో పూలు తలవంచి పూస్తాయి. ఇక పనిలోకి వెళ్దాం.

1. మీ వాతావరణం సరిపోతుందా?

ముందు ఇది తేల్చుకోండి. చలి ఎంతున్నా కాసియోపి తట్టుకుంటుంది, కానీ వేళ్ళ దగ్గర వేడిని తట్టుకోలేదు.

వేసవిలో పగలు 25 డిగ్రీలు దాటే రోజులు తక్కువగా ఉండి, రాత్రిళ్ళు 15 డిగ్రీల కిందికి దిగే చోట ఇది హాయిగా పెరుగుతుంది. పగలు 30 దాకా వెళ్ళినా రాత్రి బాగా చల్లబడే చోట శ్రమపడితే సాధ్యమే. రాత్రిళ్ళు కూడా వారాల తరబడి 20 డిగ్రీల పైనే ఉండే చోట మాత్రం వద్దనే నా సలహా. ఎంత జాగ్రత్తపడినా అక్కడ ఇది నెమ్మదిగా చచ్చిపోతుంది.

ఏసీ గదిలో పెంచొచ్చా అని అడుగుతుంటారు. కుదరదు. దీనికి ఆరుబయటి వెలుగు, కదిలే గాలి, అసలైన చలికాలం కావాలి. చలి సరిగా పడకపోతే ముందు ఏడాది కట్టిన మొగ్గలు సరిగా విచ్చుకోవు.

2. ఏ రకంతో మొదలుపెట్టాలి?

అన్ని కాసియోపిలూ ఒకేలా మాట వినవు. మొదటిసారి పెంచేవాళ్ళు సంకర రకాలతో మొదలుపెట్టడం మంచిది.

ఎడిన్‌బరో: హిమాలయాల ఫాస్టిజియాటా జాతికి, ఆర్కిటిక్ టెట్రగోనా జాతికి పుట్టిన సంకరం. నిటారుగా, 20 సెం.మీ. పైచిలుకు పెరుగుతుంది. అందరికంటే ఓపికైనది ఇదే.

మ్యూర్‌హెడ్: వార్డియై, లైకోపోడియోయిడీస్ జాతుల సంకరం. కొమ్మలు వంపు తిరిగి పొట్టిగా, గుబురుగా ఉంటుంది. కుండీకి చక్కగా నప్పుతుంది.

లైకోపోడియోయిడీస్: జపాన్ నుంచి అలాస్కా వైపు దాకా కనిపించే జాతి. నేలను అంటుకుని చాపలా పరుచుకుంటుంది. రాతి తొట్లకు బాగుంటుంది.

మెర్టెన్‌సియానా: ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాలది. మంచి నీరు, చల్లదనం ఉంటే కష్టపెట్టదు.

టెట్రగోనా, ఫాస్టిజియాటా, వార్డియై అందంలో ఎవరికీ తీసిపోవు. కానీ పైవాటిలో ఒకటి రెండు మూడేళ్ళు ఆరోగ్యంగా నిలిచాకే వీటి జోలికి వెళ్ళండి.

3. మొక్కను ఎంచుకునేటప్పుడు

నర్సరీలో పెంచిన మొక్కనే కొనండి. కొండల మీద నుంచి తవ్వి తెచ్చిన మొక్క బతకదు. దీని వేళ్ళు వెంట్రుకల కంటే సన్నం. పైగా వాటితో కలిసి బతికే శిలీంధ్రం ఆ మట్టిలోనే మిగిలిపోతుంది. అక్కడ ఒక గుబురు తయారవడానికి దశాబ్దాలు పడుతుంది, దాన్ని తవ్వడం అన్యాయం.

చూడాల్సినవి:

• కొమ్మల చివరలు ముదురు లేదా లేత పచ్చగా, తాజాగా ఉన్నాయా?
• కొమ్మల అడుగున గోధుమరంగు ఆకులు ఉన్నా ఫర్వాలేదు. పాత ఆకులు రాలకుండా ఏళ్ళ తరబడి కొమ్మనే అంటిపెట్టుకుని ఉండటం దీని స్వభావం.
• చివరలే గోధుమరంగులో ఉన్నా, ఒక పక్క కొమ్మలన్నీ బూడిదరంగుకు తిరిగినా కొనొద్దు.
• కుండీ ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే ఎండబెట్టారన్నమాట.
• వీలైతే కుండీ నుంచి కాస్త బయటికి లాగి చూడండి. వేళ్ళ కొసలు లేత రంగులో ఉండాలి. నల్లగా, జారుడుగా ఉంటే వదిలేయండి.

పెద్ద మొక్క కంటే 7 నుంచి 9 సెం.మీ. కుండీలో ఉన్న చిన్న మొక్క త్వరగా కుదురుకుంటుంది.

ఇంకో చిన్న పరీక్ష. కొమ్మను దగ్గరగా చూస్తే ఆకుల పొడవు కింది నుంచి పైకి ఒక వరసలో మారుతూ కనిపిస్తుంది: పొట్టి, పొడవు, మళ్ళీ పొట్టి. అది ఒక ఏడాది పెరుగుదల. వేసవి మొదట్లోనూ చివర్లోనూ వచ్చిన ఆకులు పొట్టిగా, మధ్యలో వచ్చినవి పొడవుగా ఉంటాయి. ఆర్కిటిక్‌లో టెట్రగోనా కొమ్మల మీది ఈ వరసలను కొలిచే శాస్త్రవేత్తలు గడిచిన వేసవులు ఎంత వెచ్చగా ఉన్నాయో అంచనా వేస్తారు. మీకు ఉపయోగపడేది ఏమిటంటే, కింది ఏళ్ళతో పోలిస్తే పై ఏడాది భాగం బాగా కురచగా ఉంటే ఆ మొక్క ఈమధ్య ఇబ్బంది పడిందని అర్థం. మీ దగ్గర పెరిగే మొక్కను కూడా ఏటా ఇలాగే చూసుకోవచ్చు.

4. నీటి సంగతి ముందు

మట్టి కంటే ముందు నీటి గురించి ఎందుకంటే, ఎంత మంచి ఆమ్ల మట్టి కలిపినా సున్నం ఉన్న నీరు పోస్తూ పోతే ఒకటి రెండేళ్ళలో ఆ మట్టి పాడైపోతుంది.

కెటిల్ అడుగున తెల్లని పొర కడుతుందా? అయితే ఆ నీరు కాసియోపికి పనికిరాదు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే అక్వేరియం వాళ్ళు వాడే కేహెచ్ (నీటిలోని కార్బనేట్ కాఠిన్యం) టెస్ట్ కిట్ తెచ్చుకోండి. 3 డిగ్రీల లోపు ఉంటే వాడొచ్చు. నీటి పీహెచ్ ఒక్కటే చూసి నిర్ణయించకండి. నీటిలో కరిగి ఉన్న బైకార్బనేట్లే అసలు నష్టం చేసేవి.

అన్నిటికంటే మేలైనది వాన నీరు. పట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు: మొదటి జల్లు నీటిని వదిలేయండి, కొత్త సిమెంటు తొట్టిలో నిల్వ చేయకండి. కొత్త సిమెంటు నుంచి సున్నం నీటిలోకి దిగుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము చాలు.

వాన నీరు అయిపోతే ఆర్‌ఓ నీరు వాడొచ్చు. అదీ లేకపోతే కొళాయి నీటిని మరిగించి, చల్లారనిచ్చి, అడుగున తేరిన తెలుపును కదపకుండా పై నీటిని వంచుకోండి. సున్నం అంతా పోదు కానీ కొంత తగ్గుతుంది. ఇళ్ళలో బిగించే వాటర్ సాఫ్ట్‌నర్ నీరు మాత్రం అస్సలు వద్దు. అందులో కాల్షియం పోయి సోడియం చేరుతుంది.

ఎండాకాలం మధ్యలో వాన నీరు అయిపోయి, ఒక వారం కొళాయి నీరు పోయాల్సి వస్తే టెన్షన్ పడకండి. మొక్కను ఎండనివ్వడం కంటే అదే నయం. తర్వాత వాన నీటితో కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా ఒకసారి బాగా తడపండి.

5. మట్టి మిశ్రమం

కావాల్సినవి మూడు గుణాలు: ఆమ్లత్వం, తేమ పట్టి ఉంచడం, గాలి ఆడటం. పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి.

నేను సూచించే పాళ్ళు:

• 4 భాగాలు బాగా చివికిన ఆకుల ఎరువు, జల్లెడ పట్టినది
• 2 భాగాలు చివికిన పైన్ బెరడు, సన్న ముక్కలు
• 2 భాగాలు సున్నం లేని గ్రిట్, అంటే 3 నుంచి 5 మి.మీ. రాతి పలుకులు
• 1 భాగం పెర్లైట్ లేదా ప్యూమిస్ (గుల్లగా, తేలిగ్గా ఉండే అగ్నిపర్వత రాతి పలుకులు)

ఆకుల ఎరువు స్థానంలో పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు మట్టి) వాడితే పని తేలిక. కానీ పీట్ తవ్వితే పోయే చిత్తడి నేలలు మళ్ళీ ఏర్పడటానికి వేల ఏళ్ళు పడుతుంది. మంచి ఆకుల ఎరువు దొరికే చోట పీట్ వాడాల్సిన అవసరం లేదు. కోకోపీట్ వాడాలనుకుంటే మంచి నీటితో రెండు మూడుసార్లు కడిగి ఉప్పు పోగొట్టాలి. అప్పుడు కూడా ఆకుల ఎరువులో పావు వంతుకు మించి కలపకండి.

గ్రిట్ పరీక్ష: గుప్పెడు పలుకులు గిన్నెలో వేసి వినెగర్ పోయండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉంది, పక్కన పెట్టేయండి. గ్రానైట్, క్వార్ట్జ్ పలుకులు నిశ్శబ్దంగా ఉంటాయి. సముద్రపు ఇసుకలో గవ్వల ముక్కలూ ఉప్పూ ఉంటాయి కాబట్టి అది వద్దు.

పీహెచ్ పరీక్ష: మిశ్రమం ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ రెండు వంతులు కలిపి అరగంట ఉంచి, పైకి తేరిన నీటిలో పీహెచ్ స్ట్రిప్ ముంచండి. మట్టిలో గుచ్చే చవక మీటర్లను ఇలాంటి గుల్ల మిశ్రమంలో నమ్మొద్దు. ఆకుల ఎరువు సున్నపు నేలలోని చెట్లదైతే పీహెచ్ 7 దాకా ఉండొచ్చు. అలాంటప్పుడు దాన్ని మార్చడమే దారి. గంధకం పొడి కలిపి దింపొచ్చు కానీ అది పని చేయడానికి నెలలు పడుతుంది, సున్నం ఎక్కువుంటే దానితోనూ ఫలితం ఉండదు. వినెగర్ కలిపిన నీరు పోస్తే పీహెచ్ ఆ పూటకు దిగి మళ్ళీ పైకి వస్తుంది.

నీరు ఇంకే పరీక్ష: కుండీ నింపి నీరు పోయండి. కొన్ని క్షణాల్లో ఉపరితలం నుంచి నీరు లోపలికి దిగిపోవాలి. మడుగు కట్టి నిలిస్తే గ్రిట్ పెంచండి.

మిశ్రమంలోకి రాకూడనివి: గుడ్డుపెంకుల పొడి, బూడిద, ఎముకల పొడి, పుట్టగొడుగుల పెంపకంలో వాడి వదిలేసిన కంపోస్టు, పశువుల ఎరువు. మిగతా మొక్కలకు మేలు చేసే ఈ వస్తువుల్లో కొన్ని సున్నాన్ని, కొన్ని లవణాలను తెస్తాయి. వర్మి కంపోస్టు కూడా దీనికి వద్దు.

6. చోటు, కుండీ

మొక్క ఉన్న చోట నిలబడి పైకి చూస్తే ఆకాశం విశాలంగా కనబడాలి. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు తగిలితే మంచిదే. మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. ఉత్తరార్ధగోళంలో గోడకు ఉత్తరం వైపు, దక్షిణార్ధగోళంలో దక్షిణం వైపు ఇలాంటి చోటు దొరుకుతుంది. ఆ గోడకు సున్నం వేసి ఉంటే వాన నీరు దాని మీద నుంచి కారి కుండీలో పడకుండా చూసుకోండి.

చెట్టు కింద పెట్టడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ వెలుగు చాలక కొమ్మలు సన్నగా సాగుతాయి, పూలు తగ్గుతాయి. నేలలో నాటితే చెట్టు వేళ్ళు తేమ అంతా పీల్చేస్తాయి.

కుండీ విషయంలో మట్టి కుండీకే నా ఓటు. దాని గోడల నుంచి నీరు ఆవిరవుతూ లోపలి మట్టిని చల్లబరుస్తుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో వేడెక్కి వేళ్ళను ఉడికిస్తుంది. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే వేళ్ళు పైపొరల్లోనే పరుచుకుంటాయి. మొక్క వేరు ముద్ద కంటే 3, 4 సెం.మీ. వెడల్పు ఎక్కువుంటే చాలు. మరీ పెద్ద కుండీలో వేళ్ళు అందుకోని మట్టి తడిగా ఉండిపోయి పులుస్తుంది.

కొత్త సిమెంటు తొట్టి వాడాలంటే కొన్ని నెలలు వానలో నాననిచ్చి, నీరు మారుస్తూ సున్నం వదలగొట్టాకే వాడండి.

నేలలో పెంచాలనుకునేవాళ్ళు మీ మట్టి సహజంగా ఆమ్ల మట్టి అయితేనే ప్రయత్నించండి. సున్నపు నేలలో గుంట తవ్వి ఆమ్ల మిశ్రమం నింపితే చుట్టూ ఉన్న సున్నపు నీరు మెల్లగా లోపలికి చేరుతుంది. అలాంటి చోట నేల మీద ఎత్తుగా కట్టిన మడే మేలు.

7. నాటే క్రమం

వసంతంలో పూలు రాలిన వెంటనే నాటడం మంచిది. వేసవి చల్లగా ఉండే చోట శరదృతువు మొదట్లోనూ నాటొచ్చు. ఎండలు ముదిరినప్పుడు కుండీ మార్చకండి.

దశ 1. మిశ్రమాన్ని ముందు రోజే తడిపి ఉంచండి. గుప్పిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. పొడి మిశ్రమంలో నాటి పైనుంచి నీరు పోస్తే లోపల పొడి గడ్డలు మిగిలిపోతాయి.

దశ 2. మొక్కను పాత కుండీతో సహా వాన నీటిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచండి. తర్వాత నీరు ఓడనివ్వండి.

దశ 3. కుండీ అడుగు కన్నం మీద ఒక పెంకు ముక్క లేదా సన్న మెష్ పెట్టండి. అడుగున రాళ్ళ పొర పరవకండి. దానివల్ల నీరు బాగా పోతుందని అనుకుంటారు కానీ జరిగేది వేరు. రాళ్ళ పొర పైన మట్టిలో నీరు ఆగిపోయి, తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరవుతుంది.

దశ 4. వేరు ముద్ద అంచులను వేలి కొసలతో కాస్త వదులు చేయండి. చీల్చకండి, కడగకండి. పాత ముద్ద పూర్తిగా పీట్‌తో ఉంటే ఈ వదులు చేయడం తప్పనిసరి. లేకపోతే వేళ్ళు కొత్త మట్టిలోకి రాకుండా పాత ముద్దలోనే ఉండిపోతాయి.

దశ 5. ముద్ద పైభాగం కొత్త మట్టితో సమంగా ఉండేలా కూర్చోబెట్టండి. లోతుగా పాతిపెట్టకండి.

దశ 6. చుట్టూ మిశ్రమం వేసి కుండీని రెండు మూడుసార్లు నేలకు మెల్లగా తట్టండి. వేలితో గట్టిగా అదమకండి, మట్టిలో గాలి పోతుంది.

దశ 7. పైన 1 సెం.మీ. మందాన సున్నం లేని గ్రిట్ లేదా సన్న పైన్ బెరడు పరవండి. కొమ్మల మధ్యకు కూడా చేర్చండి. పైపొర చల్లగా ఉంటుంది, నాచు తొందరగా పట్టదు.

దశ 8. సన్న కన్నాల మూతి ఉన్న క్యానుతో సన్న ధారగా నీరు పోసి, రెండు వారాలు పూర్తి నీడలో ఉంచండి. ఆ తర్వాత అసలు చోటుకు మార్చండి.

8. నీరు పోయడం

సూత్రం ఒక్కటే: ఎప్పుడూ తేమగా ఉండాలి, ఎప్పుడూ నీటిలో నిలబడకూడదు.

ఆకులు చెప్పవు కాబట్టి కుండీ బరువును నమ్ముకోండి. బాగా తడిపి, నీరు ఓడాక ఎత్తి చూసి ఆ బరువు గుర్తుంచుకోండి. కొద్దిగా తేలికైందనిపించగానే పోయండి. సగం బరువు తగ్గేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పెరుగుదల ఉన్న కాలంలో రోజూ ఒకసారి ఎత్తి చూడటం అలవాటు చేసుకుంటే ఈ మొక్క పోయే అవకాశం చాలా తగ్గుతుంది.

పోసేది ఉదయం పోయండి. కింద పళ్ళెంలో నీరు నిల్వ ఉంచకండి. ఆటోమేటిక్ డ్రిప్ పెట్టి మర్చిపోవడం కూడా ప్రమాదమే. వాన రోజుల్లోనూ అది నీరు ఇస్తూనే ఉంటుంది.

ఒకసారి పూర్తిగా ఎండిన ముద్ద పైనుంచి పోసిన నీటిని తీసుకోదు. నీరు అంచుల వెంట జారి అడుగున కారిపోతుంది, తడిసిందని మనం భ్రమపడతాం. అలాంటప్పుడు కుండీని అరగంట నీటిలో ముంచండి.

9. వేసవి గట్టెక్కించడం

మొక్కలు పోయేది ఎక్కువగా ఇప్పుడే, కాబట్టి ఈ భాగాన్ని నిదానంగా చదవండి.

మిశ్రమంలో 5 సెం.మీ. లోతున ఒక థర్మామీటర్ గుచ్చి ఉంచండి. మధ్యాహ్నం 20 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 25 దాటుతుంటే వెంటనే ఏదో ఒకటి చేయాలి. గాలి ఎంత వేడిగా ఉందన్నదాని కంటే ఈ అంకె ముఖ్యం.

అన్నిటికంటే బాగా పనిచేసే ఏర్పాటు ఇసుక పెట్టె. చెక్క పెట్టెలోనో పెద్ద తొట్టిలోనో సున్నం లేని ఇసుక నింపి, మట్టి కుండీని అంచు దాకా అందులో దింపండి. పెట్టె అడుగున నీరు పోయే కన్నాలు ఉండాలి. ఇసుకను తడిగా ఉంచితే కుండీ గోడల ద్వారా చల్లదనమూ తేమా రెండూ అందుతాయి. ఒకరోజు నీరు పోయడం మర్చిపోయినా మొక్క తట్టుకుంటుంది.

అంత ఏర్పాటు కుదరకపోతే, కుండీని ఇంకో పెద్ద మట్టి కుండీలో పెట్టి మధ్య ఖాళీని ఇసుకతోనో స్ఫాగ్నమ్ నాచుతోనో నింపి తడపండి.

వడగాలి రోజుల్లో:

• ఉదయం 10 నుంచి సాయంత్రం దాకా 50 శాతం షేడ్ నెట్ వేయండి. మొక్కకు తగలకుండా కనీసం అర మీటరు పైన కట్టండి.
• సాయంత్రం చల్లబడ్డాక వాన నీటిని సన్న తుంపరలా స్ప్రే చేయండి. ఎండలో చేయకండి.
• గాలి ఆడేలా చూడండి. నీడ కోసం మూసిన మూలలో పెడితే వేడి నిలిచిపోతుంది.
• ఎరువు వేయకండి, కొమ్మ కత్తిరించకండి, కుండీ మార్చకండి.

వేడికి కంగారుపడి రోజుకు మూడుసార్లు నీరు పోయడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వేడి మట్టి, నిలవ తడి కలిస్తే వేరుకుళ్లు శిలీంధ్రాలకు అంతకంటే మంచి అదను ఉండదు. చల్లబరచాల్సింది కుండీ బయటి భాగాన్ని.

10. చలికాలం

కొండల మీద ఈ మొక్కలు నెలల తరబడి మంచు కింద ఉంటాయి. మంచు దుప్పటి కింద ఉష్ణోగ్రత సున్నా దగ్గర నిలకడగా ఉంటుంది, ఎండిన గాలి తగలదు. మీ దగ్గర మంచు కురిసి నిలిచి ఉంటే దాన్ని తీసేయకండి.

మంచు లేని గడ్డకట్టే చలే ఇబ్బంది. వేరు ముద్ద గడ్డకట్టి నీరు అందని సమయంలో ఎండ, గాలి తగిలితే కొమ్మలు ఎండిపోతాయి. అలాంటి రోజుల్లో ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల కొమ్మలు పైన కప్పండి. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఇంట్లోకి తేవడం, గాజు గదిలో పెట్టడం వద్దు.

చలికాలంలోనూ కుండీ పొడిబారకుండా చూడాలి. గడ్డకట్టని రోజు చూసి కొద్దిగా నీరు పోయండి.

11. ఎరువు, కత్తిరింపు

ఎరువు చాలా తక్కువ. వసంతంలో కొత్త చిగుర్లు కదిలేటప్పుడు, ఆమ్ల నేల మొక్కల కోసం చేసిన ద్రవ ఎరువును డబ్బా మీద రాసిన మోతాదులో పావు వంతు కలిపి ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి. నత్రజని అమ్మోనియం రూపంలో ఉన్నదే ఎంచుకోండి. వేసవి మధ్య నుంచి ఇంకేమీ వేయకండి.

కత్తిరింపు అవసరం లేదు. రూపం చెదిరితే పూలు రాలగానే పచ్చగా ఉన్న చివరలను 1, 2 సెం.మీ. తుంచొచ్చు. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గలు పోతాయి. ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కత్తిరిస్తే అక్కడ చిగురు వస్తుందని ఆశించకండి.

12. లక్షణం, కారణం, చేయాల్సిన పని

గుబురు మధ్యలో ఖాళీ, కొమ్మల అడుగు బోసి. ఇది వయసుతో వచ్చేదే. చివికిన ఆకుల ఎరువు, సన్న గ్రిట్ సమంగా కలిపి కొమ్మల మధ్య వదులుగా నింపండి, పచ్చని చివరలు మాత్రం పైన ఉండాలి. పూడిన కొమ్మలు కొత్త వేళ్ళు వేస్తాయి. ప్రతి వసంతంలో కొద్దికొద్దిగా ఇలా చేస్తే మొక్క ఏళ్ళ తరబడి యవ్వనంగా ఉంటుంది.

కొత్త చిగుర్లు పసుపు రంగులో ఉన్నాయి. సున్నం ప్రభావం. పెద్ద ఆకుల మొక్కల్లో లాగా పచ్చని ఈనెలు, పసుపు ఆకు అనే గుర్తు ఇక్కడ కనబడదు, ఆకు అంత చిన్నది. చిగురు మొత్తం పాలిపోతుంది. మిశ్రమం పీహెచ్ చూడండి, నీరు మార్చండి. చీలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) ఇస్తే తాత్కాలికంగా రంగు వస్తుంది, కానీ కారణం తీసేయకపోతే మళ్ళీ మొదటికే.

చివరలు గోధుమరంగుకు తిరిగాయి. ఎండిన వేళ్ళు, వేడి లేదా చలిగాలి. కుండీ బరువు, మిశ్రమం ఉష్ణోగ్రత చూసి ఏదో తేల్చుకోండి. గోటితో కొమ్మ బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటే ఆశ ఉంది.

ఒక కొమ్మో, ఒక పక్కో బూడిదరంగుకు తిరిగి చచ్చిపోతోంది, మట్టి తడిగానే ఉంది. వేరుకుళ్లు. మందుతో నయం చేయాలని చూడకండి. ఆరోగ్యంగా ఉన్న పక్క నుంచి వెంటనే కటింగ్స్ తీసుకుని, మిగతా మొక్కను మట్టితో సహా పారేయండి. ఆ మట్టిని కంపోస్టులో కలపకండి. కుండీ బాగా కడిగి ఎండబెట్టండి.

మొక్క కుండీలో వదులుగా ఊగుతోంది. వైన్ వీవిల్ పురుగు పిల్లలు వేళ్ళు తింటుండొచ్చు. ముద్ద తీసి చూస్తే వంకర తిరిగిన మీగడ రంగు పురుగులు, గోధుమరంగు తలతో కనిపిస్తాయి. చేత్తో ఏరేసి కొత్త మిశ్రమంలో నాటండి. మిగతా కుండీలకు శరదృతువు మొదట్లో, మట్టి ఇంకా వెచ్చగా ఉండగానే, ఈ పురుగుకు పనిచేసే నెమటోడ్లు (కంటికి కనబడనంత చిన్న నులిపురుగులు) పోయొచ్చు.

మట్టి మీద లివర్‌వర్ట్ (నాచు లాంటి చిన్న మొక్క) పచ్చని పొరలా పరుచుకుంది. చిన్న కత్తితో పొరను లేపేసి పైన కొత్త గ్రిట్ వేయండి. వదిలేస్తే పొట్టి కొమ్మలను కప్పేస్తుంది.

పెరుగుతోంది కానీ పూయట్లేదు. వెలుగు తక్కువ, లేదా ఎరువు ఎక్కువ, లేదా వేసవి చివర్లో కత్తిరించారు. మొదట వెలుగు సంగతే చూడండి.

13. కటింగ్స్‌తో కొత్త మొక్కలు

సంకర రకాలు విత్తనంతో అదే గుణంతో రావు కాబట్టి కటింగ్ ఒక్కటే నమ్మకమైన దారి. మొక్క ఆరోగ్యంగా ఉండగానే ఏటా నాలుగైదు కటింగ్స్ పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. తల్లి మొక్క హఠాత్తుగా పోయినా ఆ రకం మీ దగ్గర నిలుస్తుంది.

నడి వేసవి దాటి, ఆ ఏడు వచ్చిన కొమ్మ కాస్త గట్టిపడుతున్నప్పుడు:

1) ఉదయం చల్లటి వేళ 3 నుంచి 4 సెం.మీ. చివరలు పదునైన కత్తెరతో తీయండి.
2) అడుగు సగానికి ఆకులను వేళ్ళతో మెల్లగా కిందికి రాల్చండి. బెరడు ఊడకూడదు.
3) కోసిన చోట వేర్లు పుట్టించే హార్మోన్ పొడి అద్దొచ్చు. తప్పనిసరి కాదు.
4) జల్లెడ పట్టిన ఆకుల ఎరువు ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు కలిపి, తడిపి, చిన్న కుండీలో నింపండి.
5) సన్న పుల్లతో కన్నం చేసి సగం లోతున గుచ్చండి. 2 సెం.మీ. ఎడం ఉంచండి.
6) పారదర్శక మూత లేదా కవరు కప్పి, వెలుగున్న నీడలో ఉంచండి. ఎండ తగిలితే లోపల గంటలోనే ఉడికిపోతాయి.
7) వారానికి రెండుసార్లు మూత తీసి గాలి ఆడనివ్వండి. బూజు కనిపించిన కటింగ్‌ను వెంటనే తీసేయండి.

వేర్లు రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. లాగి చూడకండి. చివర కొత్త లేత పచ్చ కనిపిస్తే వేరు పట్టినట్టు. ఆ చలికాలం అదే కుండీలో గాలి దెబ్బ లేని చోట ఉంచి, వసంతంలో విడివిడిగా మార్చండి.

పరుచుకునే రకాలకు ఇంతకంటే తేలిక పద్ధతి నేల అంటు. వసంతంలో బయటి కొమ్మ ఒకదాన్ని మట్టికి వంచి, పైన ఆకుల ఎరువు వేసి చిన్న రాయి పెట్టండి. వచ్చే ఏడాది వసంతానికి వేళ్ళు వేస్తుంది. కోసి వెంటనే తవ్వకండి. కొమ్మను తల్లి నుంచి వేరుచేసి నెల రోజులు అక్కడే వదిలి, ఆ తర్వాత తీయండి.

14. విత్తనంతో

జాతి మొక్కలకే ఇది. పూసేటప్పుడు కిందికి వంగిన కాడ, కాయ తయారయ్యేసరికి నిటారుగా లేస్తుంది. కాయ గోధుమరంగుకు తిరిగి పైన పగుళ్ళు కనబడగానే కాగితపు పొట్లంలోకి దులపండి. విత్తనం ధూళంత సన్నం, కాబట్టి గాలి లేని చోట చేయండి.

చలికాలం చివర్లో, సన్నగా తరిగిన స్ఫాగ్నమ్ నాచును కుండీ పైపొరగా వేసి, దాని మీద విత్తనం చల్లండి. పైన మట్టి కప్పకండి, మొలవడానికి వెలుగు కావాలి. నీరు పైనుంచి పోయకుండా కుండీని నీటి పళ్ళెంలో పెట్టి కింద నుంచి పీల్చనివ్వండి. గాజు పలక మూసి 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచితే నెల నుంచి రెండు నెలల్లో మొలకలు కనిపిస్తాయి.

మొదటి ఏడాది అవి మిల్లీమీటర్లలోనే పెరుగుతాయి. నాచు వాటిని మింగకుండా పట్టకారుతో అప్పుడప్పుడు తీస్తుండాలి. సెంటీమీటరు ఎత్తు వచ్చేదాకా, అంటే చాలావరకు రెండో వసంతం దాకా, వాటిని కదపకండి. మార్చేటప్పుడు ఒక్కోటి కాకుండా చెంచాతో నాలుగైదు మొలకల గుంపుగా ఎత్తి 7 సెం.మీ. కుండీల్లో పెట్టండి. అలా అయితే వేళ్ళు తెగవు. మొదటి పూలకు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. ఈ లోపు ప్రతి వసంతంలో కుండీ ఒక సైజు పెంచుతూ, పైన ఆకుల ఎరువు పల్చగా చల్లుతూ ఉండండి.